పరదేశమునుండి ఇంటి పలుకు

సికింద్రాబాదునుండి కాజీపేట వైపు పోవు రైలులో ప్రయాణము చేయువారికి భువనగిరి చాల దూరమునుండియే కనిపించును. పెనుగుండు వంటి ఆ ఏకశిలాపర్వతమును, దానిపై పశ్చిమ చాళుక్య చక్రవర్తియైన ఆరవ విక్రమాదిత్యుని, అనగా త్రిభువనమల్లుని, పేర వెలసిన దుర్గమును చరిత్ర చదివినవారికి సుపరిచితములు. కాని నేడు నేను చెప్పబూనిన చరిత్ర కొండమీదిది కాదు. కొండక్రింద రైలుపట్టాల ప్రక్కగా పోయిన తంతితీగెది. 1874లో వాడినుండి సికింద్రాబాదు వరకు వచ్చిన నిజాం రైలు 1886లో వరంగల్లు వరకును, 1889లో బెజవాడ వరకును సాగెను. రైలు ఎచ్చటికి పోయిన తంతి అచ్చటికి పోవును. స్టేషనుమాస్టరు బల్లపై టకటకలాడు ఆ చిన్న యంత్రము వలననే ఈ సీమకును, ఈ సీమను విడిచిపోయిన మనుష్యునికిని నడుమ బండి కంటె, రైలు కంటె వేగముగ పోవు వార్తామార్గ మేర్పడెను.

నేడు భువనగిరినుండి ఒక యువకుడు డల్లాసుకో, దుబాయికో, లండనుకో పోవును. ఇల్లు అద్దెకు కుదిరి పొయ్యి వెలిగిన వెంటనే అతని యెదుట ఒక ప్రశ్న నిలుచును. ఇంటికి ఏ టెలిఫోను పెట్టించవలెను? ఏ ఇంటర్నెట్టు ప్లాను తీసికొనవలెను? పది సంస్థలు పదిరకముల ధరలు చూపును. ఒకటి మొదటి సంవత్సరము చౌక యనును. ఒకటి టెలివిజనుతో కలిపి యిత్తుననును. వేరొకటి రెండేండ్ల ఒడంబడికపై సంతకము కోరును. ఇది కేవలము గృహకృత్యము, చరిత్రకు దీనితో పనియేమి అని తోచవచ్చును. నా మట్టుకు ఇది నూటముప్పది యేండ్లకు పైబడిన కథలో కడపటి ఘట్టముగ కనబడుచున్నది. తీగెకు రెండు కొనలున్నవి. వలసపోయినవాడు ఎన్నుకొనగలిగినది తన చేతిలోని కొనను మాత్రమే. ఊరిలోని కొన ఎట్లున్నది, అచ్చటి ధర యెవరు నిర్ణయించిరి, ఆ కొనవద్ద కూర్చున్న తల్లికి ఏమి చేతనగును అన్న విషయములే అతని ఎంపికను ఏలుచు వచ్చినవి.

మొదట తపాలా సంగతి చూతము. నిజాం ప్రభుత్వము 1869నుండి తన సొంత తపాలా బిళ్ళలను వెలువరించెను. అవి రాజ్యములోపల చెల్లునే గాని సరిహద్దు దాటిన చెల్లవు. నల్లగొండలోని చుట్టమునకు జాబు వ్రాయవలెనన్న నిజాం బిళ్ళ చాలును. బొంబాయిలోని కొడుకునకు వ్రాయవలెనన్న ఇంగ్లీషువారి బిళ్ళ కావలెను. నాణెమును అట్లే. ఇచ్చట హాలీ సిక్కా, అచ్చట కల్దారు. ఒకే కుటుంబము రెండు తపాలాల నడుమ, రెండు రూపాయల నడుమ బ్రతికెను. తపాలా విషయమున ఈ ఏర్పాటు 1950లో ముగిసెను. అదే సంవత్సరము హైదరాబాదులోని దక్కను రేడియో ఆకాశవాణిలో కలిసినదని మన శ్రోతలలో పెద్దలెరుగుదురు.

ఆ నాళ్ళలో మన పల్లెలవారికి ‘పరదేశము’ అనగా సముద్రమునకు ఆవలిది కాదు. బొంబాయిలోని కామాఠీపుర అను పేట పేరే ఈ సీమలనుండి పోయిన కూలీలను బట్టి వచ్చినది. మన పద్మశాలీలు షోలాపురము, భీవండీ మగ్గముల వద్దకు పోయిరి. పాలమూరు కూలి దేశములోని ఆనకట్టల పనులకెల్ల పోయెను. వీరందరికిని ఇంటితో సంబంధము పోస్టుకార్డు, మనియార్డరు. మనియార్డరు ఫారము అడుగున రెండుమూడు వాక్యములు వ్రాయుటకు చోటుండును. కొడుకు క్షేమముగ నున్నాడనుటకు ఆ చోటు చాలును. ఏల క్షేమముగ లేడో చెప్పుటకు చాలదు.

జాబులను గూర్చి నేడు కొందరు నిట్టూర్పుతో మాటలాడుదురు. పూర్వము మనుష్యులు హృదయము విప్పి వ్రాసెడివారని, టెలిఫోను వచ్చి ఆ కళను చంపినదని వారి బాధ. ఈ మాటతో నేను ఏకీభవింపజాలను. జాబు వ్రాయువాడును చదువువాడును అక్షరాస్యులైనప్పుడే ఆ కళ. మన పల్లెలలో తల్లికి వచ్చిన జాబును బడిపంతులో, పోస్టుమానో, పొరుగింటి పిల్లవాడో చదివి వినిపింపవలసి యుండెను. అత్తవారింట కష్టపడుచున్న కూతురు తన దుఃఖమును పరుల చేతివ్రాతలో, పరుల యెదుట చెప్పుకొనవలసి యుండెను. ఆమె చెప్పెడిదా? చెప్పినను వ్రాసెడివాడు వ్రాసెడివాడా? చదువురాని స్త్రీ తన మాటను తన నోటితోనే దూరదేశమునకు పంపగలిగినది టెలిఫోను వచ్చిన తరువాతనే. ఈ యంత్రమును గూర్చి ఎన్ని కొరతలు చెప్పినను, ఆ యొక్క మేలు మాత్రము మరువరానిది.

తంతి వార్తకు వేరొక గుణముండెను. మాటకింత యని ధర; కావున మాటలు తరుగుచు, అర్థము బరువెక్కుచు వచ్చెను. పెండ్లికి, పండుగకు, పరీక్షలో నెగ్గినందుకు ముందే సిద్ధపరచిన వాక్యములకు అంకెలుండెడివి. పంపువాడు అంకె చెప్పిన చాలును, అందుకొనువానికి పూర్తి వాక్యము చేరును. చౌకధర పథకము అను భావమునకు మన దేశమున ఇదియే తొలిరూప మనవచ్చును. కాని వీధిలో తంతివాని సైకిలు ఆగినచో ఇంటివారి గుండె ఝల్లుమనెడిది. ఏలయన తంతి తరచుగ మరణవార్త. బొంబాయిలోనున్న కొడుకునకు అట్టి వార్త అందిన నాటికి తరచుగ దహనము ముగిసి యుండెను. ఆ తంతి సేవను మన దేశమున 2013 జూలైలో నిలిపివేసిరి.

ఇక టెలిఫోను. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో ఎక్స్చేంజీలు తెరచిరి. 1947లో దేశమంతటికిని ఉన్న టెలిఫోనులు ఎనుబదివేల చిల్లర మాత్రమే. తరువాతి నలువదియేండ్లలో కూడ టెలిఫోను అనునది కొనుగోలు చేయు వస్తువు కాదు, దయతో లభించు వరము. దరఖాస్తు పెట్టి ఏండ్లతరబడి వేచియుండవలెను. ముందుగనే పెద్దమొత్తము చెల్లించి సొంతము చేసికొను పద్ధతి యొకటి యుండెను గాని అది కలిగినవారికి. మిగిలినవారు పొరుగింటి డాక్టరుదో, కిరాణా కొట్టుదో అంకెను తమ జాబు కాగితములపై ‘పి.పి.’ అని ముద్రించుకొనెడివారు. ఆ పి.పి. అంకె ఇచ్చినవాడు గొప్ప పరోపకారి యని ఒప్పుకొనవలెను. అర్ధరాత్రి మోగిన ఫోనునకు లేచి, నాలుగిండ్ల అవతలి ముసలమ్మను పిలుచుకొనివచ్చి, ఆమె ఏడ్చుచుండగా ప్రక్కగదిలో మౌనముగ కూర్చుండుట సామాన్యమైన యుపకారము కాదు.

ఊరినుండి ఊరికి ట్రంకు కాలు బుక్కు చేయవలెను. సామాన్యము, అర్జెంటు, లైట్నింగు అని అంతరువులు. అర్జెంటునకు రెట్టింపు ధర, లైట్నింగునకు పలురెట్లు. మూడు నిమిషములు ఒక కొలత. ఆ గడువు తీరగనే ఆపరేటరు నడుమ ప్రవేశించి చెప్పును. ఆ కంఠము వినబడకమునుపే చెప్పవలసినది చెప్పవలెనని తొందర; ఆ తొందరలో ‘బాగున్నావా, బాగున్నాను’ అనుటతోనే మూడు నిమిషములును గడచెడివి. ఆపరేటరు అవసరము లేక నేరుగ అంకెలు త్రిప్పి మాటలాడు పద్ధతి దేశమున మొదట కాన్పూరు, లక్నోల నడుమ 1960లో వచ్చెను.

సముద్రమునకు ఆవల సంగతి వేరు. భారతదేశమునకును ఇంగ్లండునకును నడుమ 1933లో టెలిఫోను ఏర్పడినది తీగెపై గాదు, రేడియో తరంగములపై. ఇంట హ్రస్వతరంగములపై లండను పట్టుకొనుటకు బిరడా త్రిప్పినవారికి ఆ టెలిఫోను ఎట్లు వినబడెడిదో ఊహించుట కష్టము కాదు: గొంతు వచ్చును, పోవును, అలలపై పడవవలె లేచును, మునుగును. 1965లో అమెరికా తన వలస చట్టమును మార్చగా ఉస్మానియా పట్టభద్రులైన వైద్యులు, ఇంజనీర్లు అచ్చటికి పోసాగిరి. 1971లో పూనా సమీపమున ఆర్విలో ఉపగ్రహ భూకేంద్రము పనిచేయ మొదలిడెను. 1976లో బొంబాయినుండి లండనుకు నేరుగ అంకెలు త్రిప్పు సౌకర్యము కలిగెను. గొంతు స్పష్టమయ్యెను, ధర మాత్రము దిగలేదు.

ధర ఏల దిగలేదు? ఇచ్చట కొంచెము ఆగవలెను, ఏలయన ఈ చరిత్రలో కీలకము ఇదియే. అమెరికాలోని కొడుకు ఇంటికి ఫోను చేసినచో అతడు చెల్లించిన డాలర్లన్నియు అచ్చటి సంస్థకే చెందవు. కాలును ఊరివరకు చేర్చినందుకు మన దేశపు సంస్థకు నిమిషమునకింత యని వాటా ముట్టవలెను. ఆ వాటాను రెండు దేశముల సంస్థలు కూర్చుండి ఒప్పందము చేసికొనును. మన పక్షమున ఆ అధికారము ఒక్క ప్రభుత్వ సంస్థదే. 1986నుండి దానిపేరు విదేశ సంచార నిగమ్. బయటి దేశములనుండి వచ్చు కాలులే ఎక్కువ, మననుండి పోవునవి తక్కువ. కావున ఆ వాటా విదేశీద్రవ్యముగ మనకు వచ్చిపడుచుండెను. ఆ ద్రవ్యముతో దేశమున టెలిఫోనులు పెరుగునని ప్రభుత్వమువారి వాదము. అందు సత్యము లేకపోలేదు. కాని దానిని చెల్లించినవాడు ఎవడు? తల్లి గొంతు వినగోరిన వలసకాపు. అతడు తానున్న దేశమున ఎంత చౌకసంస్థను వెదకి పట్టుకొన్నను, ఊరి కొనవద్ద వేసిన ఈ సుంకము క్రిందికి దిగలేడు.

1984 జనవరి 1న అమెరికాలో ఒక పెద్దమార్పు జరిగెను. దేశమంతట టెలిఫోనును ఏకచ్ఛత్రముగ ఏలిన ఏ.టి. అండ్ టి. సంస్థను న్యాయస్థానపు ఒప్పందము ననుసరించి విడగొట్టిరి. ఊరిలోపలి టెలిఫోను ఒక సంస్థది, దూరపు కాలు వేరొక సంస్థది అయ్యెను. ఏ సంస్థద్వారా దూరపు కాలులు చేయుదువో ఎన్నుకొమ్మని ఇంటింటికిని ఎన్నికల చీటీల వంటి పత్రములను పంపిరి. మన తెలుగువారు టెలిఫోను సంస్థకు ‘ఓటు’ వేసిన మొదటి సందర్భ మదియే. కొత్తగ వచ్చినవానికి అప్పుచరిత్ర లేదు కావున కొందరు ధరావతు కోరిరి. కొన్ని సంస్థలు ఇంటివాని యనుమతి లేకయే అతనిని ఒక పద్దునుండి వేరొక పద్దునకు మార్చెడివి. ఆ దుష్కృత్యమును అరికట్టుటకు నిబంధనలు చేయవలసివచ్చెను. ఇన్ని సంస్థలున్నను, ఇంత పోటీ యున్నను, 1990 ప్రాంతమున భారతదేశమునకు ఒక నిమిషము మాటలాడుటకు ఒక డాలరు కంటె ఎక్కువయే పట్టెను. పోటీ ఒక కొనవద్దనే కలదు. రెండవ కొనవద్ద లేదు.

ఇంతలో ఊరి కొన మారసాగెను. 1984లో సి-డాట్ అను పరిశోధన సంస్థ స్థాపితమయ్యెను. శ్యాం పిట్రోడా దాని ప్రేరకులలో ముఖ్యుడు. ఎండకు, దుమ్మునకు తట్టుకొని, చల్లని గది లేకుండ పనిచేయగల చిన్న గ్రామీణ ఎక్స్చేంజీని వారు రూపొందించిరి. దానితో పాటు పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరములు గల ఎస్.టి.డి., ఐ.ఎస్.డి. బూతులు వెలసెను. భువనగిరికి 08685 అను సంకేతము. న్యూజెర్సీలోనున్నవాడు 011, 91, 8685 త్రిప్పి ఆపై ఇంటి అంకె త్రిప్పినచో, ఆపరేటరు నోట ఊరిపేరు పలికింపనక్కరలేక, యాదగిరిగుట్ట దారిలోని ఇల్లు పలికెడిది. మన పేర్లను పరదేశపు ఆపరేటర్లు ఎట్లు పలికెడివారో జ్ఞప్తికి తెచ్చుకొన్నవారికి ఈ అంకెలెంత హాయి గూర్చెనో తెలియును.

బూతు చిన్న అద్దాల గది. లోపల ఎర్రని అంకెలు గల మీటరు; పలుకు సాగుకొలది రూపాయలు పెరుగుచుండును. మాటలాడువాని చూపు గోడపై దేవుని పటముమీద నుండదు, ఆ అంకెలమీద నుండును. రాత్రి పొద్దుపోయిన తరువాత దేశములోపలి ధర నాల్గవవంతుకు దిగెడిది. కావున బూతులయెదుట జనము చేరునది నిద్రవేళకు. భీవండీలోని మగనితో మాటలాడుటకు చంటిబిడ్డ నెత్తుకొని వచ్చిన ఇల్లాలు, కొడుకు ఫోను చేయుదునన్న గడియకు వచ్చి బల్లపై కూర్చున్న ముదుసలి, పరీక్షాఫలితముకై తహతహలాడు విద్యార్థి ఒకే వరుసలో నుండిరి. అద్దపు తలుపు మూసినను బయటివారికి సగము మాటలు వినబడును. అయినను చెప్పుకొనువారు చెప్పుకొనిరి. పంతులు చేత వ్రాయించుటకంటె అది మేలు.

గల్ఫు దేశములకు పోయినవారి మార్గము కొంచెము భిన్నము. కూలికి పోయినవాడు ఎచ్చటనైనను సొంత ఇంటికి టెలిఫోను పెట్టించుకొనడు. అతనికి ఇల్లే లేదు, సంస్థవారి శిబిరమున ఒక మంచము కలదు. ఎమిరేట్సులో 1976లో ఏర్పడిన ఎటిసలాతు సంస్థ మూడు దశాబ్దములు ఒంటరిగ ఏలెను. రెండవ సంస్థ సేవ 2007లో గాని రాలేదు. శుక్రవారము సెలవునాడు వీధి టెలిఫోను వద్ద వరుస. జేబులోని కార్డులో ఎన్ని దిర్హములున్నవో అంతే మాట. ఆ కరవులో కొందరు క్యాసెట్టుపై గంటసేపు మాటలాడి, ఊరికి పోవు స్నేహితునిచేతి కిచ్చి పంపెడివారు. ఇంటివారు టేపురికార్డరు చుట్టును కూర్చుండి రేడియో నాటకము విన్నట్లు వినెడివారు. బదులు అదే క్యాసెట్టు రెండవవైపున పోయెడిది. అది చదువురానివాని జాబు. ఏ సంస్థయు అమ్మని, ప్రజలే కల్పించుకొన్న ప్లాను.

1997లో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్సు కమిషను ఒక యుత్తరువు వెలువరించి, తమ సంస్థలు ఇతర దేశములకు చెల్లించు వాటాపై కొలమానములు విధించెను. అల్పాదాయ దేశములకు నిమిషమునకు 23 సెంట్ల లోపుననే యుండవలెనని, అందుకు గడువులు పెట్టెను. మనదేశము 2002 ఏప్రిలులో విదేశ సంచార నిగమ్ గుత్తాధికారమును ముగించి, ఇంటర్నెట్టుపై టెలిఫోను మాటలకును అనుమతి యొసగెను. సుంకము సడలగనే ధర కుప్పకూలెను. దేశీయ సరకుల దుకాణములలో పప్పు, బియ్యపు బస్తాల ప్రక్కన రంగురంగుల ఫోను కార్డులు వ్రేలాడెను. అయిదు డాలర్లకు నూరునిమిషములని పెద్దక్షరములు. కలిపినందుకొక రుసుము, వారమునకొక రుసుము, అరనిమిషమును మూడునిమిషములుగ లెక్కించుట అను సంగతులు సన్నని అక్షరములలో. అట్టి కొన్ని సంస్థలపై 2008, 2009 సంవత్సరములలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను వ్యాజ్యములు వేసెను. మోసపోయినవారు ఎక్కువగ ఇంగ్లీషు చక్కగ రాని కొత్త వలసకాపులే.

ఊరి కొనవద్ద వేరొక చిత్రము జరిగెను. సెలవులకు వచ్చిన కొడుకు తండ్రికి సెల్‌ఫోను బహుమతిగ నిచ్చిపోయెడివాడు. కాని 2003 మే 1 వరకు మన దేశమున సెల్‌ఫోనునకు వచ్చిన కాలునకు కూడ అందుకొన్నవాడే చెల్లింపవలెను. కొడుకు కార్డుపై చౌకగ మాటలాడుచున్నా నని సంతసించుచుండగా, తండ్రి ఇచ్చట నిమిషములు లెక్కించుచు త్వరగ ముగించుటకు చూచుచుండెను. ‘నాయనా, ఇంటి ఫోనుకు చేయుము’ అను మాటకు అర్థమదియే. రెండు కొనలను కలిపి లెక్క చూడనివానికి అది కోపమువలె తోచియుండును.

ఇక ఇంటర్నెట్టు. 1995 ఆగస్టు 15న విదేశ సంచార నిగమ్ దానిని మన దేశమున సామాన్యులకు తెరచెను. టెలిఫోను తీగెమీదనే అది నడచెడిది. ఇంట ఒకరు ఇంటర్నెట్టు చూచుచున్నంతసేపు ఆ టెలిఫోను ‘ఎంగేజి’ యనును. కావున అమెరికాలో కొత్తకాపురము పెట్టినవారికి 1990ల చివర వచ్చిన ధర్మసందేహము ఇది: నెలకు కొన్ని డాలర్లు మిగుల్చుకొని ఒక్క తీగెతో సరిపెట్టుకొనుటయా, రెండవ తీగె పెట్టించుటయా? ఒక్క తీగెతో సరిపెట్టుకొన్న ఇంట, రాత్రివేళ భర్త ఉద్యోగపు పనియని ఇంటర్నెట్టు పట్టుకొన్నచో, భువనగిరిలో అప్పుడే తెల్లవారి, ఆసుపత్రినుండి ఎవరైన పిలిచినను ఆ పిలుపు చేరదు. రెండవ తీగె విలాసము కాదని గ్రహించినవారు పెట్టించుకొనిరి. తరువాత టెలివిజను కేబులుపైనను, టెలిఫోను తీగెమీదనే మాటకు అడ్డురాని డి.ఎస్.ఎల్. పద్ధతిలోను ఇంటర్నెట్టు రాగా ఆ చిక్కు విడిపోయెను.

చిక్కు విడినది మొదలు పాత్రలు తారుమారయ్యెను. అదివరకు టెలిఫోనుపై ఇంటర్నెట్టు నడచెను. ఇప్పుడు ఇంటర్నెట్టుపై టెలిఫోను నడువసాగెను. 2003లో స్కైపు వచ్చెను. 2009 ఆగస్టులో వానేజి యను సంస్థ నెలకు 24 డాలర్ల 99 సెంట్లకు అరువది దేశములకు పైగ, అందు భారతదేశమునకు కూడ, ఎంతసేపైనను మాటలాడవచ్చునని ప్రకటించెను. మన రేడియో శ్రోతలకు ఇందలి విశేషము సులభముగ తెలియును. రేడియోకు సంవత్సరమున కొకమారు లైసెన్సు రుసుము కట్టి, ఆపై ఎంతసేపు విన్నను పైసా అధికము లేకుండెడిది. టెలిఫోనునకు మాత్రము ప్రతి నిమిషమునకు లెక్క. 2009 నాటి ఈ ప్లాను టెలిఫోనును రేడియో లెక్కకు మార్చెను. తల్లి వంటచేయుచు ఫోనును ప్రక్కన బెట్టి, కూతురు అచ్చట బట్టలు మడుచుచు, ఇద్దరును చాలసేపు ఏమియు మాటలాడకుండ ఒకరి ఇంటి చప్పుడు ఒకరు వినుచుండుట సాధ్యమయ్యెను. మీటరు కాలమున ఆ నిశ్శబ్దమునకు ఎంత ఖరీదయ్యెడిదో!

చౌక ఎప్పుడును తన వెంట ఒక లోపమును తెచ్చును. పాత తీగె టెలిఫోను కరెంటు పోయినను పలుకును. ఎక్స్చేంజీయే దానికి విద్యుత్తు నంపును. ఇంటర్నెట్టు టెలిఫోను, ఇంటిలోని పెట్టెకు కరెంటు పోగానే మూగబోవును. అమెరికాలో ఆపత్తుకు 911 పిలిచినచో పాత తీగె పిలిచినవాని చిరునామాను తానే చెప్పెడిది. కొత్త టెలిఫోను మొదట చెప్పలేకుండెను. 2005లో అచ్చటి కమిషను చిరునామా నమోదును నిర్బంధము చేసెను. ఇల్లు మారినవాడు చిరునామా మార్చనిచో పాత ఇంటిముందునకు అంబులెన్సు పోవును. కొత్తగ పోయిన దంపతులు తొలియేట రెండుమూడు ఇండ్లు మారుట సాధారణము కావున ఈ సంగతి వారికి మిక్కిలి ముఖ్యము. ఇంగ్లండులోనైతే పాత రాగితీగె టెలిఫోనును 2027 జనవరి నాటికి ఉపసంహరింప నిర్ణయించిరి.

2016 శరత్తులో భువనగిరిలో రెండు సంగతులు జరిగెను. అక్టోబరు 11న యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడెను. అది పత్రికలలో మొదటిపుటలకెక్కెను. అంతకు ఒక నెల ముందు, సెప్టెంబరు 5న, దేశమంతట జియో సేవ మొదలై, 2017 మార్చి వరకు ఇంటర్నెట్టు ఉచితముగ లభించెను. అదే నవంబరులో వాట్సాపులో ముఖములు చూచుకొని మాటలాడు వసతి వచ్చెను. జిల్లాను గూర్చి సభలు జరిగినవి గాని ఈ రెండవ సంగతికి ఏ సభయు జరుగలేదు. మనుమని ముఖమును ప్రతిదినము చూచు అవ్వ దృష్టిలో ఏది పెద్దదో చెప్పనక్కరలేదు. బూతులు అంతకుముందే మూతబడసాగినవి. వాటి పసుపు పలకలపై తరువాత రీచార్జి, జిరాక్సు అను అక్షరములు పడెను.

కావున నేడు పరదేశమున ఇంటికి ప్లాను ఎన్నుకొనువాడు, మొదట అడుగవలసిన ప్రశ్నలు అచ్చటి దుకాణదారుని కాదు, ఇచ్చటి ఇంటివారిని. అమ్మకు స్మార్టుఫోను చేతనగునా, మీటనొక్కు ఫోను మాత్రమేనా? ఇంట వైఫై కలదా? చీకటిపడిన తరువాత సిగ్నలు అందునది ఏ గదిలో? ఇచ్చట తొమ్మిది గంటలైనప్పుడు న్యూయార్కులో వేసవియైన అదేనాటి ఉదయము పదకొండున్నర, శీతకాలమైన పదిన్నర. దుబాయిలో రాత్రి ఏడున్నర. అమ్మకు మీటనొక్కు ఫోను మాత్రమే యైనచో ఎంత వేగముగల ఇంటర్నెట్టు కొన్నను ముఖము కనబడదు; భారతదేశపు ఫోనులకు పిలుపులు కలిసిన ప్లానే మేలు. అమ్మకు వాట్సాపు వచ్చినచో అట్టి ప్లానునకు చెల్లించు డబ్బు వృథా. ఎమిరేట్సులో ఈ లెక్కయు తప్పును. అచ్చటి ప్రభుత్వము వాట్సాపు, స్కైపు మాటలను అడ్డగించి, 2018నుండి తాననుమతించిన కొన్ని యాపులకు రుసుముపై దారి యిచ్చెను. పొరుగున సౌదీ అరేబియా ఆ నిషేధమును 2017లో సడలించెను.

తరువాత దుకాణదారుని అడుగవలసినవి కొన్ని. చూపిన ధర ఎన్ని నెలల వరకు? ఆ తరువాత ఎంత? పెట్టెకు అద్దె కలదా? నెలకింతయని పరిమితి కలదా? ఒడంబడిక నడుమ ఇల్లు మారిన జరిమానా యెంత? అమెరికాలో 2024 ఏప్రిలునుండి పెద్ద సంస్థలు ఈ వివరములనన్నింటిని ఆహారపు పొట్లముపై పోషకముల పట్టిక వలె ఒక చీటీలో చూపవలెనని నిబంధన వచ్చెను. ఫోను కార్డుల సన్ననక్షరములతో మోసపోయిన తరమువారికి అట్టి చీటీ యుండిన ఎంత బాగుండెడిది!

ఇంత చేసినను వలసకాపు రెండవ బిల్లునుండి తప్పించుకొనజాలడు. భువనగిరిలోని బ్యాంకు ఖాతాకు, ఆధారు కార్డునకు, నాన్నగారి పొలము కాగితములకు ముడిపడియున్న తన పాత భారతీయ అంకెను అతడు సజీవముగ నుంచుకొనవలెను. తొంబదిదినములు వాడక, ఖాతాలో ఇరువది రూపాయలైన నిలువయుంచక పోయినచో ఆ అంకె రద్దయి వేరొకరికి పోవచ్చును. 2023లో కొన్ని దేశముల అంకెలతో యు.పి.ఐ. చెల్లింపులకు అనుమతి వచ్చినను, బ్యాంకు పంపు రహస్యసంఖ్య అనేకసందర్భములలో ఆ పాత అంకెకే వచ్చుచున్నది. అందుచేత డల్లాసులో ఫలకలవంటి తెరలపై తల్లితో గంటలకొలది ఉచితముగ మాటలాడువాడు సహితము, ఎవ్వరును పిలువని ఒక చిన్న ఫోనును బల్లసొరుగులో నుంచి, రెండుమూడు నెలల కొకమారు దానిలో డబ్బు వేయుచుండును. ఆ ఫోను పలుకదు. ఆరు అంకెలను మాత్రము అందుకొనును.